ఇల్లు బ్యాంకు స్వాధీనంలోకి వెళుతోంది, ఇంట్లో అమ్మానాన్నల మధ్య మాటలు లేవు: నేను ఏం చేయాలి?

ప్రశ్న
భీమవరం ప్రాంతం నుంచి ఒక విద్యార్థిని

పెద్దలందరికీ నమస్కారం. నేను ఇంటర్ రెండవ సంవత్సరం బైపీసీ చదువుతున్నాను, నా వయసు పదిహేడు. తమ్ముడు ఎనిమిదవ తరగతిలో ఉన్నాడు. మా నాన్నగారు ఆకివీడు వైపు చెరువులు లీజుకు తీసుకుని వనామీ రొయ్యలు సాగు చేస్తారు. వరుసగా రెండు పంటలకు తెల్లమచ్చ వ్యాధి తగలడంతో, నలభై కౌంటు (కిలోకు నలభై తూగే సైజు) వరకు పెంచవలసిన రొయ్యను నూట ఇరవై కౌంటులోనే పట్టేయవలసి వచ్చింది. అప్పు చేసి మళ్లీ సీడు వేశాక, 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని యాభై శాతానికి పెంచడంతో కొనేవాళ్లు ధర తగ్గించేశారు. మేత డీలరు బాకీ, లీజు బాకీ, కరెంటు బిల్లులు, వీటన్నిటికీ మించి బ్యాంకు అప్పు.

మేముంటున్న డాబా ఇల్లు మా తాతగారు అమ్మకు పసుపుకుంకుమల కింద ఇచ్చిన స్థలంలో కట్టినది. దస్తావేజులు అమ్మ పేరు మీదే ఉన్నాయి. నాన్న ఆ ఇంటిని తనఖా పెట్టి రుణం తీసుకున్నప్పుడు అమ్మ కూడా సంతకాలు చేసింది. వేసవిలో అరవై రోజుల గడువుతో ఒక నోటీసు వస్తే నాన్న దాన్ని బీరువాలో దాచి ఎవరికీ చెప్పలేదు. దీపావళి వెళ్లిన తరువాత బ్యాంకువారు వచ్చి గేటు పక్కన గోడ మీద స్వాధీన ప్రకటన అతికించి, దానికి ఫోటో తీసుకుని వెళ్లారు. ఆ వారంలోనే అదే ప్రకటన దినపత్రికలో వచ్చింది. అందులో అమ్మానాన్నల పేర్లు, బాకీ మొత్తం, డోరు నంబరు, నాలుగు వైపుల హద్దులు అన్నీ అచ్చువేశారు. పడమటి హద్దు కింద పక్కింటివారి పేరు కూడా ఉండటంతో, తమను కూడా పత్రికకెక్కించామని ఆ ఇంటావిడ మాతో మాట్లాడటం మానేసింది.

అంతకంటే కష్టంగా ఉన్నది ఇంట్లో పరిస్థితి. అమ్మానాన్నలు నేరుగా మాట్లాడుకోవడం లేదు. "మీ నాన్నను అన్నానికి రమ్మను" అని అమ్మ, "ఆ పన్ను రసీదులు ఎక్కడ పెట్టిందో మీ అమ్మను అడుగు" అని నాన్న, ఇద్దరికీ మధ్య నేనే తిరుగుతున్నాను. మావయ్య వచ్చి "మా నాన్న ఇచ్చిన ఇల్లు తీసుకెళ్లి చెరువులో కలిపావు" అని అందరి ముందు అనేశాక, నాన్న రాత్రుళ్లు చెరువు గట్టు మీద షెడ్డులోనే పడుకుంటున్నారు. మొన్న ఒకసారి "నేను లేకపోతే మీకే హాయి" అన్నారు. అమ్మ వంటింట్లో ఉండటంతో ఆ మాట ఆమెకు వినిపించలేదు.

నాకు తెలియనివి చాలా ఉన్నాయి. మమ్మల్ని ఎప్పుడు ఖాళీ చేయిస్తారు? ఈ అప్పు రేపు నా మీద, తమ్ముడి మీద పడుతుందా? నేను చదువు ఆపి ఏదైనా పనిలో చేరితే ఉపయోగం ఉంటుందా? కాలేజీలో ఎవరికైనా చెప్పవచ్చా? తెలిసినవారు సమాధానం ఇవ్వగలరని ఆశిస్తున్నాను.

సమాధానం 1
విశ్రాంత బ్యాంకు మేనేజరు, రాజమహేంద్రవరం

అమ్మా, ఇటువంటి ప్రకటనలను గోడలకు అతికించడానికి స్వయంగా వెళ్లినవాణ్ణి కాబట్టి, బ్యాంకు వైపు నుంచి ఏం జరుగుతుందో నీకు వివరంగానే చెబుతాను. నాన్నగారి చేత కూడా ఇది చదివించగలిగితే మంచిది.

ముందుగా, ఆ కాగితం చూసి రేపే సామాను వీధిలో పెడతారని భయపడవద్దు. వాయిదాలు తొంభై రోజులకు మించి నిలిచిపోతే ఆ ఖాతాను నిరర్ధక ఆస్తిగా గుర్తిస్తారు. ఆ తరువాత తనఖా ఆస్తిని బ్యాంకు నేరుగా స్వాధీనం చేసుకోవడానికి వీలు కల్పించే 2002 నాటి సర్ఫేసీ చట్టం 13(2) సెక్షను కింద అరవై రోజుల నోటీసు ఇస్తారు. వేసవిలో బీరువాలోకి వెళ్లిన కాగితం అదే. దానికి మీరు అభ్యంతరం రాసి ఇస్తే పదిహేను రోజుల్లో బ్యాంకు జవాబు చెప్పవలసి ఉండేది, ఆ అవకాశం ఇప్పుడు దాటిపోయింది. గోడ మీద అతికించినది 13(4) కింద ఇచ్చే స్వాధీన ప్రకటన. దాన్ని ఏడు రోజుల లోపల రెండు పత్రికల్లో, అందులో ఒకటి స్థానిక భాషలో, వేయాలని నిబంధనే ఉంది. హద్దులు రాయకుండా ఏ స్థిరాస్తి ప్రకటనా ఉండదు. ఎవరో మీ పరువు తీయాలని చేసిన పని కాదని పక్కింటావిడకు అమ్మ చెప్పవచ్చు.

ఈ దశలో ఇల్లు కాగితం మీద మాత్రమే బ్యాంకు చేతికి వస్తుంది, మనుషులు ఇంట్లోనే ఉంటారు. మీ అంతట మీరు తాళం ఇవ్వకపోతే, బ్యాంకు 14వ సెక్షను కింద కలెక్టరు దగ్గరకు గానీ చీఫ్ జ్యుడీషియల్ మేజిస్ట్రేటు దగ్గరకు గానీ వెళ్లి ఉత్తర్వు తెచ్చుకోవాలి. ఆ ఉత్తర్వుకు చట్టం ముప్పై రోజులు, కారణాలు నమోదు చేస్తే మొత్తం అరవై రోజుల వరకు గడువు పెట్టింది గానీ, అంతకంటే ఎక్కువ పట్టిన సందర్భాలే నేను ఎక్కువగా చూశాను. వేలం వేయాలంటే ముందుగా ముప్పై రోజుల నోటీసు ఉండాలి. మీరు ఇంట్లో ఉండగా కూడా వేలం ప్రకటించవచ్చు, ఈ సంగతి చాలామందికి తెలియదు. ఇవన్నీ కలుపుకుంటే నీ పబ్లిక్ పరీక్షలు ఇదే ఇంట్లో నుంచి రాసే అవకాశం ఎక్కువే గానీ, దాన్ని హామీగా మాత్రం తీసుకోవద్దు.

ఇక అసలు విషయం నాన్నగారికి సంబంధించినది. వేలం ప్రకటన పత్రికలో పడే రోజు వరకే బాకీ మొత్తం కట్టి ఇంటిని విడిపించుకునే హక్కు మీకు ఉంటుంది. 2016లో చట్టాన్ని సవరించిన తరువాత పరిస్థితి ఇది, సుప్రీంకోర్టు 2023 సెప్టెంబరులో ఇచ్చిన తీర్పు కూడా దీన్నే ఖాయం చేసింది. పూర్వం అమ్మకం రిజిస్టరయ్యే దాకా సమయం ఉంటుందని అనుకునేవారు, ఇప్పటికీ మన పల్లెల్లో పెద్దమనుషులు అదే చెబుతుంటారు, వారి మాట నమ్మవద్దు. అందువల్ల ఇల్లు నిలబడదని లెక్క తేలినప్పుడు వేలం దాకా ఆగకుండా, మీరే కొనేవారిని వెతుక్కుని, వారిని బ్యాంకుకు తీసుకువెళ్లి, వారి సొమ్ముతో అప్పు తీర్చి, మిగిలినది చేతికి తీసుకోవడం అన్నివిధాలా మేలు. బ్యాంకులు సాధారణంగా దీనికి అడ్డు చెప్పవు. వేలంలో కొనేవాడు లోపల మనుషులున్న ఇంటికి, తగాదా ఉన్న ఇంటికి ధర తగ్గించే పాడతాడు. అదే ఇంటిని మీ చేతుల మీదుగా అమ్మితే ఒక అద్దె ఇంటి అడ్వాన్సు, నీ చదువుకు కొంత సొమ్ము మిగలవచ్చు. వేలం జరిగినా బాకీ, ఖర్చులు పోగా మిగిలిన మొత్తాన్ని బ్యాంకు తిరిగి ఇవ్వవలసిందే, దాన్ని అడిగి తీసుకోవాలి.

ఒకేసారి కొంత తగ్గించి కట్టే సెటిల్‌మెంటు కోసం శాఖలో దరఖాస్తు ఇవ్వవచ్చు. అయితే ఆ సొమ్ము కోసం నూటికి మూడు రూపాయల వడ్డీకి బయట అప్పు తేవడం మాత్రం వద్దని నాన్నగారికి గట్టిగా చెప్పండి. ఏడాదికి ముప్పై ఆరు శాతం వడ్డీ కట్టగల పంట చెరువులోనే ఉంటే ఈ నోటీసు వచ్చేదే కాదు కదా. వసూలు ఏజెంట్లు ఉదయం ఎనిమిదికి ముందు, సాయంత్రం ఏడు తరువాత ఫోను చేయకూడదని రిజర్వు బ్యాంకు నియమం. నీకు గానీ, నీ తమ్ముడికి గానీ ఫోను చేసి బాకీ గురించి మాట్లాడితే ఆ నంబరు, తేదీ రాసిపెట్టి బ్యాంకుకు ఫిర్యాదు ఇవ్వండి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయవచ్చు.

సమాధానం 2
ఒక సభ్యుడు, ఏలూరు

పెద్దాయన బ్యాంకు మనిషి కాబట్టి అమ్మేసుకోమంటున్నారు. కోర్టులో కేసు వేసి స్టే తెచ్చుకుంటే నాలుగైదేళ్లు ఎవరూ కదిలించలేరు. మా బంధువుల ఇంటి మీద ఇప్పటికీ కేసు నడుస్తూనే ఉంది, వాళ్లు ఆ ఇంట్లోనే ఉన్నారు.

సమాధానం 3
నర్సింగ్ ఆఫీసరు, హైదరాబాదు

చెల్లీ, చట్టం గురించి పై వారు రాశారు, నేను ఇంటి లోపలి సంగతి రాస్తాను. మాది గుంటూరు. మిర్చిని కోల్డు స్టోరేజీలో నిల్వ పెట్టి ధర కోసం చూస్తూ నాన్న నష్టపోయినప్పుడు నేను నీ వయసులోనే ఉన్నాను. మా ఇల్లు కూడా వేలంలోనే పోయింది.

నువ్వు రాసినదాంట్లో అన్నిటికంటే ముందు చూడవలసినది నాన్నగారు అన్న ఆ ఒక్క మాట. అప్పుల్లో ఉన్న మనిషి ఒంటరిగా పడుకుంటూ, తాను లేకపోతేనే మేలని అంటే, దాన్ని కోపంలో వచ్చిన మాటగా తీసిపారేయకూడదు. ఈ రోజే ఆ మాటను అక్షరం మార్చకుండా అమ్మకు చెప్పు. అమ్మతో పాటు నాన్న మాట వినే పెద్దవారు ఒకరికి, పెదనాన్నకో నాన్న స్నేహితుడికో చెప్పు. రాత్రిపూట ఆయన దగ్గర ఎవరో ఒకరు పడుకునేలా చూడమని, లేదా ఆయనను ఇంటికి తీసుకురమ్మని అడుగు. 14416 అనే నంబరుకు ఫోను చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ టెలీమానస్‌లో ఏ వేళనైనా తెలుగులో మాట్లాడే కౌన్సెలర్లు ఉంటారు, దానికి డబ్బు కట్టనక్కరలేదు. నాన్న చేయనంటే అమ్మ గానీ నువ్వు గానీ చేసి, ఆయనతో ఎలా మాట్లాడాలో అడగవచ్చు. ఆపద వెంటనే ఉందనిపిస్తే 112కు చేయి. ఇది చాడీ చెప్పడం కాదు, ఇందులో ఆయన పరువు పోయేది కూడా ఏమీ లేదు. అయితే రాత్రంతా మేలుకుని నాన్నను కనిపెట్టుకుని ఉండే పని నీది కాదు, పెద్దలకు చెప్పి వారి చేతిలో పెట్టడం వరకే నీ వంతు.

రెండవది, నువ్వు ఇద్దరి మధ్య మాటలు మోయడం. మా ఇంట్లోనూ సరిగ్గా ఇదే జరిగింది. అన్నానికి రమ్మనడంతో మొదలై, క్రమంగా "ఆ రోజు సంతకం పెట్టవద్దని చెప్పానో లేదో మీ నాన్ననే అడుగు" అనే దాకా వచ్చేది. అన్నం పిలుపు మోయవచ్చు గానీ నిందను మోయవద్దు. ఇద్దరూ ఇంట్లో ఉన్న ఒక పూట, తమ్ముణ్ణి బయటకు పంపి, "బ్యాంకు సంగతి, సంతకం సంగతి మీరిద్దరే మాట్లాడుకోండి, నేను చెప్పను, నేను అడగను, నాకు పరీక్షలు ఉన్నాయి" అని చెప్పు. ఏడుపు వస్తే రానీ. మా అమ్మ ఆ రోజు నన్ను పెద్దంతరం చిన్నంతరం లేదని తిట్టింది, రెండు రోజులు మాట్లాడలేదు. ఆ తరువాత అవసరం పడి వాళ్లిద్దరే మాట్లాడుకున్నారు, మొదట పోట్లాడుకున్నారు, పోట్లాట కూడా మాట్లాడటమే కదా. అమ్మకు కోపం రావడంలో న్యాయం ఉంది, పుట్టింటి ఆస్తి పోతున్నప్పుడు ఏ ఆడమనిషికైనా కడుపు మండుతుంది. నాన్న మోసం చేసి తినేసినవాడూ కాదు, చెరువును నమ్ముకుని చెడిపోయినవాడు. ఎవరిది తప్పో తేల్చే పని మావయ్య నీ మీద పెట్టబోతే, పుస్తకం పట్టుకుని పక్క గదిలోకి వెళ్లిపో.

చదువు ఆపడం గురించి అడిగావు. నువ్వు పనిలో చేరితే వచ్చే జీతం నెల వడ్డీకి కూడా చాలదు, ఇంటర్ సగంలో వదిలేసిన అమ్మాయికి దొరికే పనులు ఏమిటో నీకు తెలుసు. మీ కాలేజీలో నీకు నమ్మకం ఉన్న ఒక లెక్చరరుకు సంగతి చెప్పు, అందరికీ చెప్పనక్కరలేదు. స్టడీ అవర్లో మరికొంతసేపు కూర్చోనివ్వడం, ఫీజు విషయంలో ప్రిన్సిపాలుతో మాట్లాడటం వంటివి వారు చేయగలరు. ఫీజు బాకీ ఉందని హాల్‌టికెట్టు ఆపుతారేమోనన్న భయం నీకు ఉండవచ్చు. 2025 నుంచి ఇంటర్ హాల్‌టికెట్లను ప్రభుత్వ వాట్సాప్ సేవ మన మిత్రలోనూ ఇస్తున్నారు, కాలేజీ చేతి మీదుగానే తీసుకోవాలని లేదు.

తమ్ముడికి అబద్ధం చెప్పవద్దు. ఎనిమిదో తరగతి పిల్లవాడు గోడ మీది కాగితం చదవగలడు. అద్దె ఇంటికి మారవచ్చని, స్కూలు మాత్రం మారకుండా చూస్తామని చెబితే, వాడికి కావలసింది అంతే.

విద్యార్థిని తిరుగు సమాధానం

అందరికీ కృతజ్ఞతలు. అక్కా, మీరు రాసిన రోజు సాయంత్రమే నాన్న అన్న మాట అమ్మకు చెప్పాను. అమ్మ ఏమీ మాట్లాడకుండా పెదనాన్నకు ఫోను చేసింది. ఆయన రాత్రికే చెరువు దగ్గరకు వెళ్లి నాన్నను ఇంటికి తీసుకొచ్చారు. 14416కు పెదనాన్నే ఫోను కలిపి ఇచ్చారు, నాన్న బయట అరుగు మీద కూర్చుని చాలాసేపు మాట్లాడారు. అమ్మా నాన్నా ఇంకా సరిగ్గా మాట్లాడుకోవడం లేదు గానీ, నిన్న దస్తావేజు జిరాక్సు కాగితాలన్నీ మంచం మీద పరచుకుని ఇద్దరూ చూశారు.

రెండు సందేహాలు మిగిలాయి. స్టే తెచ్చుకోమని ఒకరు, అమ్ముకోమని ఒకరు రాశారు, మాకు ఏది కుదురుతుంది? వచ్చే ఏప్రిల్‌కు నాకు పద్దెనిమిది నిండుతాయి. అప్పుడు అమ్మాయి పేరు మీద కొత్త లోను తీసుకుందామని మేత డీలరు నాన్నతో అంటున్నాడు. అది మంచిదేనా?

సమాధానం 4
న్యాయవాది, విశాఖపట్నం

రెండవ ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. వద్దు. నీకు ఇప్పుడు పద్దెనిమిది నిండలేదు కాబట్టి నీ సంతకంతో చేసిన ఒప్పందం చట్టం ముందు చెల్లదు. నిండిన మరునాటి నుంచి అదే సంతకం నిన్ను పూర్తిగా కట్టిపడేస్తుంది. ఈ రోజున బ్యాంకు అప్పుకు నువ్వు గానీ తమ్ముడు గానీ బాధ్యులు కారు. తల్లిదండ్రుల అప్పు పిల్లలకు వచ్చేది వారి నుంచి సంక్రమించిన ఆస్తి విలువ మేరకే, పిల్లల సొంత సంపాదన మీద అది పడదు. ఇంటి వేలం సొమ్ము చాలక బాకీ మిగిలినా బ్యాంకు అడగవలసింది సంతకం చేసినవారినే. హామీదారుగా గానీ, సహ రుణగ్రహీతగా గానీ, ఖాళీ చెక్కు మీద గానీ నీ పేరు పెట్టవద్దు. డీలరు తన బాకీని నీ తల మీదకు మార్చుకోవాలని చూస్తున్నాడని నా అభిప్రాయం.

ఇక స్టే సంగతి. మామూలు సివిల్ కోర్టుకు ఈ వ్యవహారంలో ప్రవేశం లేదు, సర్ఫేసీ చట్టం 34వ సెక్షను దాన్ని మూసేసింది. వెళ్లవలసింది రుణ వసూళ్ల ట్రిబ్యునల్‌కు, అది విశాఖపట్నంలో ఉంది. స్వాధీన ప్రకటన నాటి నుంచి నలభై అయిదు రోజుల లోపల 17వ సెక్షను కింద దరఖాస్తు వేయాలి. దీపావళి తరువాతి ప్రకటన అంటున్నావు కాబట్టి ఆ గడువు ఇంకా ఉండవచ్చు, గోడ మీది కాగితంలో తేదీ చూడండి. నోటీసు సరైన చిరునామాకు అందకపోవడం, లెక్కలో తప్పు ఉండటం, నిబంధన తప్పి ప్రకటన వేయడం వంటి నిజమైన లోపం ఉంటే అక్కడ ఫలితం ఉంటుంది. లోపం ఏమీ లేకుండా కాలయాపనకు వెళితే, స్టే ఇచ్చినా బాకీలో కొంత భాగం కట్టమనే షరతుతో ఇస్తారు, కట్టలేకపోతే స్టే పోతుంది. అక్కడ ఓడిపోయి అప్పీలుకు వెళ్లాలంటే బాకీలో సగం, తగ్గించినా పావు వంతు ముందుగా జమ చేయాలి. ఈలోగా వడ్డీ ఆగదు. ఏలూరు సభ్యుడి బంధువులు ఇంట్లో ఉండవచ్చు గానీ, చివరికి ఇల్లు అమ్ముడైనా వారి చేతికి రూపాయి మిగలకపోవచ్చు. కాబట్టి ఈ విషయంలో నేను మేనేజరు గారి పక్షమే, అయితే ఒక్క తేడాతో. అమ్మకానికి పెట్టే ముందు కాగితాలన్నీ ఒక న్యాయవాది చూడాలి.

దానికి డబ్బు లేదని ఆగవద్దు. ఇల్లు మీ అమ్మగారి పేరు మీద ఉంది. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం ప్రకారం స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం పొందే హక్కు ఉంది. అమ్మగారు భీమవరం కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార కమిటీ కార్యాలయానికి వెళ్లి తన పేరుతో దరఖాస్తు ఇవ్వవచ్చు, లేదా 15100కు ఫోను చేయవచ్చు. లోక్ అదాలత్‌లో బ్యాంకుతో రాజీ కుదుర్చుకునే అవకాశం గురించి కూడా అక్కడే అడగండి. వెళ్లేటప్పుడు బీరువాలోని మొదటి నోటీసు, దాని కవరు మీద తపాలా ముద్రతో సహా, గోడకు అతికించిన ప్రకటన ఫోటో, పత్రిక కాపీ, రుణ ఖాతా స్టేట్‌మెంటు, దస్తావేజు జిరాక్సు తీసుకువెళ్లమనండి. కవరు పారేయకుండా ఉండటం ముఖ్యం, నోటీసు ఎప్పుడు అందిందో చెప్పేది అదే.

బ్యాంకుకు తనఖా పెట్టినది ఇల్లు మాత్రమే, ఇంట్లోని సామాను కాదు. అయినా స్వాధీనం రోజున తాళాలు వేసి సీలు చేసే హడావిడిలో కాగితాలు లోపల ఉండిపోతే వాటిని తిరిగి తెచ్చుకోవడానికి అర్జీలు పెట్టుకుని తిరగవలసి వస్తుంది. పదవ తరగతి మార్కుల మెమో, కుల ధ్రువీకరణ పత్రం, ఇద్దరి ఆధార్ కార్డులు, తమ్ముడి జనన ధ్రువపత్రం ఒక సంచిలో పెట్టి ఈ వారంలోనే పెదనాన్నగారి ఇంట్లో ఉంచండి.